చిన్న చమురు కంపెనీ బావి తవ్వుతానంటే: షేరు కొనేముందు లెక్క చూసుకోవడం ఎలా

"ఫలానా కంపెనీ వచ్చే నెల బావి తవ్వుతోందట. షేరు చాలా చవకగా దొరుకుతోంది. కొనమంటారా?" ఈ ప్రశ్న నాకు నెలకు రెండు మూడు సార్లయినా వస్తుంది. లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాళ్లు అడుగుతారు, కాల్గరీలో స్థిరపడినవారు అడుగుతారు, హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ షేర్ల ఖాతా తెరిచినవారూ అడుగుతారు. కంపెనీ పేరు మారుతుంది కానీ కథ దాదాపు ఒక్కటే. నేల మీద ఒకటో రెండో లైసెన్సులు, కోట్ల బ్యారెళ్ల అంచనా, చేతిలో కొద్దిపాటి డబ్బు.

కొనమనీ వద్దనీ నేను చెప్పను. మీ అనుమానాన్ని కాగితం మీద లెక్కగా మార్చుకునే పద్ధతి మాత్రం చెబుతాను. అనుమానం మంచిదే, కానీ "ఇవన్నీ మోసాలే" అని కొట్టిపారేయడం కూడా గుడ్డి నమ్మకం లాంటిదే. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్‌లో షెల్ కంపెనీ తన సగం వాటాను 2002లో కేవలం 72.5 లక్షల డాలర్లకు కెయిర్న్ అనే చమురు కంపెనీకి వదిలేసింది. 2004 జనవరిలో అక్కడే మంగళ అనే భారీ చమురు క్షేత్రం బయటపడింది. అంటే చమురు రంగంలో తలపండినవారి అనుమానం కూడా తప్పవచ్చు. అందుకే మొత్తానికి నమ్మాలా వద్దా అని కాకుండా, ఏ అంకెను ఎంతవరకు నమ్మాలో చూద్దాం.

ఉదాహరణగా ఇంగ్లండ్‌లోని హార్స్ హిల్ బావిని వెంట తీసుకెళ్తాను. గాట్విక్ విమానాశ్రయానికి దగ్గర్లో, సర్రే జిల్లాలో ఉంది. మొదటి ప్రకటన నుంచి చివరి కోర్టు తీర్పు వరకు దాని కథంతా బహిరంగంగానే నడిచింది కాబట్టి నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- కంపెనీ చివరి వార్షిక నివేదిక, ఆ తర్వాతి అర్ధ సంవత్సర లేదా త్రైమాసిక ఫలితాలు.
- గత మూడేళ్లలో స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చిన ప్రకటనలన్నీ. పత్రికల్లో వచ్చిన వార్తలు వీటికి బదులు కావు.
- స్వతంత్ర నిపుణుల నివేదిక. లండన్‌లో చిన్న కంపెనీల షేర్ మార్కెట్ అయిన ఎయిమ్‌లో చేరే చమురు కంపెనీ దీన్ని ఇవ్వాలి. కెనడాలో నమోదైన కంపెనీ తన నిల్వల లెక్కను ఏటా దాఖలు చేయాలి.
- ప్రభుత్వ నియంత్రణ సంస్థ ప్రచురించే ఉత్పత్తి లెక్కలు. బ్రిటన్‌లో నార్త్ సీ ట్రాన్సిషన్ అథారిటీ (పేరులో సముద్రం ఉన్నా నేల మీది బావుల లెక్కలూ అక్కడే ఉంటాయి), టెక్సస్‌లో రైల్‌రోడ్ కమిషన్, మన దేశంలో హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్.
- ఒక నోటుబుక్కు, క్యాలిక్యులేటర్, రెండు సాయంత్రాల సమయం.

ఆ రెండు సాయంత్రాలు లేవనుకుంటే ఈ షేర్ల జోలికి పోకండి. ఈ మాట కటువుగా అనిపించినా మీ మేలు కోరే చెబుతున్నాను.

1. కంపెనీకి నిజంగా ఏముందో ఒక్క వాక్యంలో రాయండి

లైసెన్సు ఎక్కడ, ఎన్నాళ్లకు, అందులో కంపెనీ వాటా ఎంత, గడువులోగా ఏ పని చేస్తానని ప్రభుత్వానికి మాట ఇచ్చింది. ఈ నాలుగూ ఒకే వాక్యంలోకి రావాలి.

వాటా దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. లైసెన్సు ఒక కంపెనీ పేరిట ఉంటుంది, అందులో ఇంకో కంపెనీకి వాటా ఉంటుంది, మీరు కొనే షేరు ఆ రెండో కంపెనీలో కొంత భాగం ఉన్న మూడో కంపెనీది కావచ్చు. 2015లో హార్స్ హిల్ పేరుతో పత్రికలకెక్కిన యూకే ఆయిల్ అండ్ గ్యాస్ కంపెనీ నికర వాటా అప్పట్లో ఐదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. మొదటి పేజీలో ఆ వార్త చదివినవారిలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

గడువు దగ్గర పడితే బావి తవ్వే తొందర భూగర్భ శాస్త్రం వల్ల వచ్చిందా, లైసెన్సు పోతుందన్న భయం వల్ల వచ్చిందా అన్నది కూడా ఆలోచించండి.

2. చెప్పిన అంకె ఏ మెట్టు మీద ఉందో గుర్తించండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

చమురు అంకెలకు నాలుగు మెట్లు ఉంటాయి. అన్నిటికంటే కింద, నేలలో ఉందనుకునే మొత్తం చమురు. దాని మీద, ఇంకా బావి తవ్వకుండానే "దొరికితే ఇంత తీయవచ్చు" అనే అంచనా వనరులు. ఆపైన, దొరికింది కానీ ధరో, అనుమతో, సాంకేతికతో ఇంకా కుదరని షరతులతో కూడిన వనరులు. అన్నిటికంటే పైన నిల్వలు, అంటే ఇప్పటి పరిస్థితుల్లో లాభసాటిగా తీయగలిగినవి. నిల్వల్లోనూ 1పి, 2పి, 3పి అని మూడు రకాలున్నాయి. 1పి తప్పక వస్తుందనుకునేది, 2పి మధ్యస్థం, 3పి ఆశ.

2015 ఏప్రిల్ 9 నాటి ప్రకటన చూద్దాం. హార్స్ హిల్ కింద చదరపు మైలుకు 15.8 కోట్ల బ్యారెళ్ల చమురు ఉందని కంపెనీ చెప్పింది. ఆ ప్రాంతం మొత్తం మీద 10,000 కోట్ల బ్యారెళ్ల దాకా ఉండవచ్చని కంపెనీ అధిపతి స్టీఫెన్ శాండర్సన్ పత్రికలతో అన్నారు. అందులో 3 నుంచి 15 శాతం మాత్రమే తీయగలమన్న మాట కూడా ఆ రోజే వచ్చింది. పత్రికలు మాత్రం పెద్ద అంకెనే ఎత్తుకుని "గాట్విక్ గషర్" (చమురు ఎగజిమ్మే బావి) అని పేరు పెట్టాయి, షేరు ఎగిసింది. ఆ తర్వాత, తన లైసెన్సుల బయట ఎంత చమురుందో చెప్పగలిగేంత పని తాను చేయలేదని కంపెనీయే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ అంకె ఏ మెట్టు మీదిది? అన్నిటికంటే కింది మెట్టు మీదిది. నేలలో ఉన్నదే తప్ప పైకి వచ్చేది కాదు. అనుమానం ఉన్నవారు సరిచూసుకోవడానికి దారి కూడా ఉంది. సుమారు ఏడాది ముందు, 2014లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే, హార్స్ హిల్ ఉన్న వీల్డ్ బేసిన్ అనే భూగర్భ ప్రాంతంలోని షేల్ రాతి పొరల్లో 220 కోట్ల నుంచి 860 కోట్ల బ్యారెళ్లు ఉండవచ్చని లెక్కగట్టింది. రెండూ అచ్చంగా ఒకే పొరల లెక్కలు కావు. అయినా ప్రభుత్వ సంస్థ అంచనాకు పది రెట్లు దాటిన అంకె కనిపిస్తే, తేడా ఎందుకొచ్చిందో అర్థమయ్యేదాకా ఆగడం కనీస జాగ్రత్త.

*హెచ్చరిక:* కంపెనీ ప్రకటనల్లో "వనరులు", "నిల్వలు" అన్న మాటలు పక్కపక్కనే వస్తుంటాయి. ప్రతి అంకె పక్కన అది ఏ మెట్టుదో మీ నోటుబుక్కులో రాయండి. మెట్టు పేరు చెప్పని అంకెను కింది మెట్టుదిగానే లెక్కించండి.

3. మూడు సార్లు తగ్గించండి

ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. హార్స్ హిల్ అంకెనే తీసుకుందాం.

చదరపు మైలుకు 15.8 కోట్ల బ్యారెళ్లు. అందులో 3 శాతం తీయగలిగితే 47.4 లక్షలు. కంపెనీ వాటా ఐదో వంతు అనుకుంటే సుమారు 9.5 లక్షల బ్యారెళ్లు. ఆశ పెంచుకుని 15 శాతం వేసినా వాటాకు 47.4 లక్షలే. వార్తలో 10,000 కోట్లుగా కనిపించినది, చదరపు మైలు లెక్కన షేర్‌హోల్డరు చేతికి వచ్చేసరికి లక్షల్లోకి దిగింది.

మూడో తగ్గింపు విజయావకాశం. నిపుణుల నివేదికలో "భూగర్భ విజయావకాశం" అని ఒక శాతం ఉంటుంది. ఊహించి ఒక ఉదాహరణ చెబుతాను. అంచనా వనరులు కోటి బ్యారెళ్లు, వాటా 60 శాతం, అవకాశం 18 శాతం అనుకోండి. 60 లక్షలను 18 శాతంతో గుణిస్తే 10.8 లక్షలు.

కానీ ఆ 10.8 లక్షలు ఎన్నటికీ రావు. వస్తే దానికి ఎన్నో రెట్లు వస్తుంది, లేకపోతే సున్నా. వంద బావులు తవ్వే పెద్ద కంపెనీకి ఆ సగటు నిజమవుతుంది. చిన్న కంపెనీకి ఉన్నవి ఒకటో రెండో ప్రయత్నాలు. ఒక్కోదానికి 18 శాతం అవకాశం ఉన్న నాలుగు బావులు వరుసగా తవ్వినా, నాలుగూ ఎండిపోయే అవకాశం నూటికి 45. నాలుగో బావి దాకా కంపెనీ చేతిలో డబ్బు ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని 5వ భాగంలో చూద్దాం.

ఇంకో మాట. ఆ శాతం చమురు కనబడే అవకాశం మాత్రమే. చమురు కనబడటం వేరు, లాభసాటిగా రావడం వేరు.

4. పరీక్ష ప్రకటనను పొడిపొడిగా విడదీసి చదవండి

మా కోనసీమలో కొబ్బరితోటల మధ్య రిగ్గు దిగితే ఊరు ఊరంతా చూడటానికి వెళ్లేది. రాత్రిళ్లు దీపాలతో వెలిగిపోయేది. నెలల తర్వాత ఒక రోజు రిగ్గు విప్పుకుని వెళ్లిపోయేవారు. పొలంలో ఎర్ర చక్రాల వాల్వులతో మనిషెత్తు ఇనుప "క్రిస్మస్ ట్రీ" మిగిలి, దాని నుంచి గొట్టం బయల్దేరితే బావి పనికొచ్చినట్టు. గొట్టం రాకపోతే లేనట్టు. ఇది మా చిన్నప్పటి లెక్క. ఇప్పుడు కూడా ప్రకటనలు చదువుతుంటే "గొట్టం వచ్చిందా?" అనే అడగాలనిపిస్తుంది.

ప్రకటనల్లో తరచుగా కనిపించే మాటలు, వాటిని ఎలా తీసుకోవాలో:

"చమురు జాడలు కనిపించాయి" అంటే రాతి ముక్కల్లో చమురు ఆనవాళ్లు ఉన్నాయని మాత్రమే. పనికిరాని బావుల్లోనూ ఇవి కనిపిస్తాయి.

"ఇన్ని మీటర్ల చమురు పొర" అంటే పరికరాల కొలతల నుంచి లెక్కగట్టిన మందం. ఆ పొరలోంచి ద్రవం కదులుతుందో లేదో ఇది చెప్పదు.

"రోజుకు ఇన్ని బ్యారెళ్ల రేటు" అన్నప్పుడు పెన్ను తీసుకుని ఐదు ప్రశ్నలు రాయండి. ఎన్ని గంటలు పారింది? తనంత తాను పారిందా, పంపు పెట్టారా? అందులో నీరెంత? మూత ఎంత తెరిచారు? పరీక్ష చివర్లో ఒత్తిడి నిలిచిందా, పడిపోతూ ఉందా? వీటిలో మూడింటికి జవాబు లేకపోతే ఆ రేటును మీ లెక్కలోకి తీసుకోకండి.

2016 ఫిబ్రవరి, మార్చి నెలల్లో హార్స్ హిల్ పరీక్షలు జరిగాయి. మూడు పొరల నుంచి వరుసగా రోజుకు 464, 901, 323 బ్యారెళ్ల రేట్లు ప్రకటించారు. మొత్తం 1,688. ఈ కూడిక చూడగానే ఆగాలి. ఆ మూడు పొరలనూ విడివిడిగా, కొద్దికాలమే పరీక్షించారు. ఒకే బావిలోంచి మూడూ కలిసి నెలల తరబడి అలాగే పారుతాయని ఆ కూడిక చెప్పదు. నిజంగానే పారలేదు. 2019లో అక్కడే అడ్డంగా తవ్విన రెండో బావిలో నీరు ఇబ్బంది పెట్టింది. ఆ తర్వాత దాన్ని నీటిని తిరిగి భూమిలోకి పంపే బావిగా మార్చాలని కంపెనీ ప్రణాళిక వేసుకుంది. 2020 మార్చిలో శాశ్వత ఉత్పత్తికి అనుమతి వచ్చినా, కొద్ది సంవత్సరాల్లోనే ఉత్పత్తి రోజుకు వంద బ్యారెళ్ల లోపుకు పడిపోయింది.

నీటి సంగతి చిన్నదిగా తీసేయకండి. రోజుకు 300 బ్యారెళ్ల ద్రవం వస్తోంది, అందులో 80 శాతం నీరు అనుకోండి. చమురు 60 బ్యారెళ్లే. బ్యారెల్ 70 డాలర్లయితే రోజుకు 4,200 డాలర్లు. అందులోంచి 240 బ్యారెళ్ల నీటిని, అంటే సుమారు 38,000 లీటర్లను, ప్రతిరోజూ ట్యాంకర్లలో తరలించాలి. ఆ తర్వాత కరెంటు, సిబ్బంది, రాయల్టీ. "ఉత్పత్తి మొదలైంది" అన్న శీర్షిక కింద ఈ లెక్క వేసి చూడండి, చాలా ప్రకటనల బరువు తగ్గిపోతుంది.

5. డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది?

చిన్న చమురు కంపెనీల్లో మదుపరి నష్టపోయేది ఎండిన బావి వల్లేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అంతకంటే ఎక్కువగా నష్టపరిచేది కొత్త షేర్ల జారీ.

లెక్క ఇలా వేయండి. మళ్లీ ఊహించిన అంకెలే: చేతిలో 40 లక్షల పౌండ్లు. కార్యాలయం, జీతాలకు నెలకు 1.5 లక్షలు. బావి ఖర్చు 50 లక్షలు, అందులో కంపెనీ వాటా 60 శాతం, అంటే 30 లక్షలు. బావి తవ్వాక మిగిలేది 10 లక్షలు, అది ఆరు నెలలకు మాత్రమే సరిపోతుంది. ఆ ఆరు నెలల్లో పరీక్ష చేయాలి, బావి పనికిరాకపోతే మూసివేత ఖర్చు భరించాలి. పనికొస్తే ట్యాంకులు, పరికరాలు కొనాలి. ఎటు చూసినా డబ్బు కావాలి. అంటే ఫలితం మంచిదైనా చెడ్డదైనా కొత్త షేర్లు వస్తాయి.

కొత్త షేర్లు మార్కెట్ ధర కంటే తక్కువకు, తరచుగా వారెంట్లు (ముందే అనుకున్న ధరకు తర్వాత మరిన్ని షేర్లు కొనే హక్కులు) జోడించి జారీ అవుతాయి. మొత్తం 100 కోట్ల షేర్లలో మీకు 10 లక్షలు ఉంటే మీ వాటా 0.1 శాతం. ఇంకో 50 కోట్లు జారీ అయితే అది 0.067 శాతానికి దిగుతుంది. చమురు అంతే ఉంటుంది, మీ భాగం మూడో వంతు పోతుంది. గత ఐదేళ్ల వార్షిక నివేదికల్లోంచి మొత్తం షేర్ల సంఖ్య ఒక్కటి రాసుకుని చూడండి. పది నిమిషాల పని. ఏటా పెరుగుతూనే ఉంటే వచ్చే ఏడాది ఆగుతుందని నమ్మడానికి మీకు గట్టి కారణం కావాలి.

దీనికి ఎదురు ఉదాహరణ మన తీరంలోనే ఉంది. కెయిర్న్ బాడ్‌మేర్ ఎడారిలో ఎన్నో బావులు తవ్వి ఓపిక పట్టగలిగింది. 1996లో కమాండ్ పెట్రోలియంను కొనడం ద్వారా సూరసాని యానాం దగ్గరి రవ్వ క్షేత్రం దాని చేతికి వచ్చింది. రవ్వ సముద్రంలోని క్షేత్రమే అయినా అక్కడి నుంచి చమురు నిజంగా వస్తుండేది, డబ్బు వస్తుండేది. తవ్వే ప్రతి బావికీ షేర్‌హోల్డరు ముందు చేయి చాపే కంపెనీకీ, వెనక ఒక రవ్వ ఉన్న కంపెనీకీ తేడా అది. మీరు చూస్తున్న కంపెనీకి వెనక ఏముందో రాయండి.

6. అనుమతులు, దారి, కొనేవాడు

నేల మీద తవ్వకం సముద్రంలో కంటే చవక. కానీ పక్కనే ఊళ్లు, పొలాలు, నీటి వనరులు ఉంటాయి. అక్కడి మనుషులకు తమ ఊరి గురించి మాట్లాడే హక్కు ఉంది, కోర్టులు వింటాయి. హార్స్ హిల్‌కు 2019లో సర్రే కౌంటీ కౌన్సిల్ ఇచ్చిన అనుమతిని 2024 జూన్ 20న బ్రిటన్ సుప్రీంకోర్టు ముగ్గురు–ఇద్దరి మెజారిటీతో రద్దు చేసింది. తీసిన చమురును తర్వాత కాల్చినప్పుడు వెలువడే ఉద్గారాలను కూడా పర్యావరణ మదింపులో చూడాల్సిందని చెప్పింది. ఆ ఏడాది అక్టోబరులో అక్కడ ఉత్పత్తి ఆగింది. ఇలాంటివి "జరగవులే" అని వదిలేయడం మదుపరి చేసే తప్పు. కేసు నడుస్తోందన్నది అంతకు ముందు నుంచీ అందరికీ తెలిసిన విషయమే.

కాబట్టి ప్రతి అనుమతి పేరు, వచ్చిందా రాలేదా, దాని మీద కేసు ఉందా అని మూడు గడులు గీసుకుని నింపండి. మన దేశంలో అయితే పెట్రోలియం లీజు, పర్యావరణ అనుమతి, భూమి సంగతి విడివిడిగా చూడాలి.

చమురు బయటకు ఎలా వెళ్తుందో కూడా అడగండి. మంగళ క్షేత్రం అంత పెద్దది కదా, అక్కడి చమురు మైనం ఎక్కువై గడ్డకడుతుంది. అందుకే వేడి చేసే పైపులైను వేయాల్సి వచ్చింది. 2004లో దొరికిన చమురు ఉత్పత్తి 2009 ఆగస్టులో మొదలైంది. అంత గొప్ప ఆవిష్కరణకే ఐదున్నరేళ్లు పడితే, చిన్న కంపెనీ "వచ్చే ఏడాది చివరికల్లా" అన్నప్పుడు ఆ తేదీకి రెండేళ్లు కలిపి 5వ భాగంలోని లెక్క మళ్లీ వేయండి.

7. ఎవరు చెబుతున్నారు?

పరిశోధన నివేదిక కనిపిస్తే చివరి పేజీ ముందు చదవండి. దానికి కంపెనీయే డబ్బు ఇచ్చి ఉంటే ఆ మాట తరచుగా చిన్న అక్షరాల్లో అక్కడ ఉంటుంది. డైరెక్టర్లు సొంత డబ్బుతో మార్కెట్‌లో షేర్లు కొన్నారా, ఉచితంగా వచ్చిన ఆప్షన్లేనా (అవీ ముందే అనుకున్న ధరకు షేర్లు కొనే హక్కులే) చూడండి. వాట్సాప్ గుంపుల్లో వచ్చే ధర లక్ష్యాలను చదవకుండా వదిలేయండి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా చూసేది, పక్క లైసెన్సులో చమురు ఉంది కాబట్టి ఇక్కడా ఉంటుందనుకోవడం. డోర్సెట్‌లోని విచ్ ఫార్మ్ పశ్చిమ ఐరోపాలోనే నేల మీది అతిపెద్ద చమురు క్షేత్రం. దక్షిణ ఇంగ్లండ్‌లో చమురు ఉందనడానికి అది సాక్ష్యమే. కానీ అక్కడి ఇసుకరాతి లోంచి పారినట్టు వేరే చోట సున్నపురాయి లోంచి పారాలని లేదు.

రెండోది, పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి అంకె నిజమనుకోవడం. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థకు మన కృష్ణా–గోదావరి తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని సాక్షాత్తూ ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించారు. తర్వాత తీయగలిగినదిగా లెక్కకు వచ్చింది అందులో పదో వంతు పరిధిలోనే. అది సముద్రంలో, అదీ ప్రభుత్వ సంస్థ. అయినా మెట్ల గందరగోళం అక్కడా ఒకటే.

మూడోది, బావి ఫలితం రాకముందే ధర పెరిగితే అదే రుజువు అనుకోవడం. చాలా సార్లు ధర పెరిగినప్పుడే కంపెనీ కొత్త షేర్లు జారీ చేస్తుంది.

మీ లెక్క సరైనదో కాదో చూసుకోవడం

ముందు పాత కథ మీద పరీక్షించుకోండి. హార్స్ హిల్ 2016 మార్చి ప్రకటన తెరిచి, ఆ తర్వాతవి చూడకుండా పై ఏడు భాగాల లెక్కలన్నీ రాయండి. తర్వాత 2020 నుంచి ప్రభుత్వ ఉత్పత్తి లెక్కలు తీసి పోల్చండి. ఎక్కడ ఎక్కువ ఆశపడ్డారో మీకే కనిపిస్తుంది.

ఆపైన మీరు చూస్తున్న కంపెనీకి ఒక పేజీ రాసి తేదీ వేయండి. పేజీ చివర రెండు వాక్యాలు తప్పనిసరి. "ఇది జరిగితే నా అనుమానం తప్పని ఒప్పుకుంటాను", "ఇది జరిగితే అమ్మేస్తాను". మొదటి వాక్యం స్పష్టంగా ఉండాలి. "మంచి వార్త వస్తే" అని కాదు, "పంపు పెట్టి 90 రోజులు నడిపాక రోజుకు 200 బ్యారెళ్లు, నీరు 30 శాతం లోపు ఉంటే" అన్నట్టు. మొదటి వాక్యం రాయలేకపోతే మీరు అనుమానించడం లేదు, ముందే నిర్ణయించేసుకున్నారు. రెండోది రాయలేకపోతే ఆ షేరు మీద అప్పటికే మమకారం పెరిగిపోయింది.

ఆరు నెలలకోసారి ఆ పేజీ తీసి, కంపెనీ చెప్పిన ఉత్పత్తి పక్కన నియంత్రణ సంస్థ నెలవారీ లెక్క రాయండి. మొత్తం షేర్ల సంఖ్య కూడా ఆ పక్క గడిలో కొత్తగా నింపండి.